ఒంగోలు, నెల్లూరు మధ్య గాలిలో ఇంజిన్ ఆగితే హైవే మీద దించాలా, పొలంలో దించాలా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీది కావలి. పైలట్ శిక్షణలో ఉన్నారు, సెస్నా 172 అనే ఒంటి ఇంజిన్ చిన్న విమానం నడుపుతున్నారు. త్వరలో విజయవాడ నుంచి తిరుపతికి ఒంటరిగా వెళ్ళాల్సి ఉంది. దారిలో మన ప్రాంతం మీద ఇంజిన్ ఆగిపోతే 16వ నంబరు జాతీయ రహదారి మీద దించవచ్చా, అక్కడ యుద్ధవిమానాల కోసం కట్టిన రన్‌వే కూడా ఉంది కదా, లేదంటే వరి మడిలోనా, సముద్రపు ఒడ్డునా అని అడిగారు. పంట పాడైతే రైతుకు నష్టం ఎవరు కట్టాలన్నది చివర్లో పెట్టిన చిన్న ప్రశ్న.

పొలంలో దించండి. పంట తీసేసిన మెట్ట చేను దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. అది అందకపోతే కోసిన వరి పొలం, ఎండిన చెరువు గర్భం, ఆ తర్వాత సముద్రపు ఒడ్డున తడి ఇసుక. హైవేను ఈ వరుసలో అట్టడుగున పెట్టుకోండి. అయితే చోటు ఎంత మంచిదైనా, విమానం మీ అదుపులో ఉండి తక్కువ వేగంతో నేలకు ఆనకపోతే లాభం లేదు. గరుకు నేల మీద నెమ్మదిగా దిగినవాళ్ళు దెబ్బలతో బయటపడతారు. మంచి మైదానాన్ని ఎలాగైనా అందుకోవాలని ముక్కు పైకి లాగి, వేగం పోగొట్టుకుని, స్టాల్ అయి (రెక్కలు ఇక విమానాన్ని మోయలేక) పడిపోయినవాళ్ళే ఎక్కువగా చనిపోతారు.

ఇంజిన్ ఆగిన విమానం రాయిలా పడదు. గొలుసు తెగిన సైకిలు వాలులో ఎలా దిగుతుందో అలా దిగుతుంది. మీ 172 సుమారు ఒక వంతు ఎత్తు కోల్పోతూ తొమ్మిది వంతులు ముందుకు పోతుంది. 3000 అడుగుల ఎత్తులో ఉంటే గాలి లేనప్పుడు దాదాపు 8 కిలోమీటర్లు, కాలంలో చెప్పాలంటే దాదాపు నాలుగు నిమిషాలు. ఇది సరైన గ్లైడ్ వేగం పట్టుకున్నప్పటి లెక్క. 172 ఎస్ రకంలో అది 68 నాట్లు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), కొన్ని పాత రకాల్లో 65. మీ విమానం పుస్తకం తెరిచి చూసుకోండి. ఇంజిన్ ఆగిన క్షణంలో మొదటి పని ముక్కును ఆ వేగానికి సర్దడం, ట్రిమ్ తిప్పి చేతి మీద బరువు లేకుండా చేసుకోవడం. రేడియో ఆ తర్వాత, చెక్‌లిస్టు ఆ తర్వాత. సాధన కోసం నేను థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే మీట) మూయగానే నా విద్యార్థుల్లో చాలామంది ముందు మైకు మీదకు చేయి పోనిచ్చేవారు. ఆ పది సెకన్లలో 15 నాట్ల వేగం పోయేది.

వేగం గురించి ఇంత పట్టుదల ఎందుకో ఒక లెక్క చెబుతాను. గుద్దుకున్నప్పుడు ఖర్చు కావలసిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 45 నాట్లతో చక్రాలు ఆనిస్తున్నారనుకోండి. ఎదురుగాలి 15 నాట్లుంటే నేల మీద మీ వేగం 30. అదే గాలి వెనక నుంచి ఉంటే 60. శక్తి నాలుగింతలు. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 2.8 మీటర్ల దూరంలో ఒకే తీరుగా ఆగితే శరీరం మీద పడేది 9 జీ, అంటే శరీర బరువుకు తొమ్మిదింతల బలం. భుజాల బెల్టు బిగించుకున్న మనిషి అంత వరకు ఓర్చుకోగలడు. 160 కిలోమీటర్ల వేగానికి అదే 9 జీకి పదకొండు మీటర్లు దాటి కావాలి. కాబట్టి చిన్న పొలమని భయపడనక్కర్లేదు. ఎదురుగాలికి, పూర్తి ఫ్లాప్స్‌తో (వేగం తగ్గించుకోవడానికి రెక్క వెనక దించే పలకలు), నెమ్మదిగా దిగితే మన మెట్ట చేలు చాలావరకు సరిపోతాయి.

గాలి దిశ మన తీరంలో చాలావరకు ఊహకు అందుతుంది. వేసవి మధ్యాహ్నాలు సముద్రం మీది నుంచి తూర్పు, ఆగ్నేయపు గాలి వస్తుంది. జూన్, జూలైల్లో పడమటి వేడిగాలి ఒక్కోసారి సాయంత్రం దాకా సముద్రపు గాలిని ఒడ్డుకు రానివ్వదు. అందుకే ఊహను నమ్మకుండా పొగను చూడండి. ఇటుక బట్టీ, కాలుతున్న గడ్డి, చెరువు మీద అలల గీతలు, ఇవేవీ లేకపోతే జీపీఎస్‌లో నేల వేగం.

ఇక హైవే. పైనుంచి చూస్తే నల్లగా, తిన్నగా, వెడల్పుగా ఊరిస్తుంది. కిందికి వచ్చాక తెలుస్తుంది. ఆరు వరుసల రోడ్డు, నడుమ గన్నేరు మొక్కలు, అడ్డంగా బోర్డుల చట్రాలు, పైవంతెనలు, టోల్ గేట్లు, ఊరున్న ప్రతిచోటా రోడ్డును అడ్డంగా దాటే కరెంటు తీగలు. 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు. లారీల మధ్య అంత ఖాళీ మీకు ఎవరూ ఇవ్వరు. పైగా కింద ఉన్నది కుటుంబాలతో వెళ్ళే కార్లు, ఆటోలు. మన ఇంజిన్ ఆగినందుకు వాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టే హక్కు మనకు లేదు. రాత్రి రెండింటికి ఖాళీ రోడ్డు దొరికితే అది వేరే సంగతి.

ఆ అత్యవసర రన్‌వే సంగతి. కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబరు 29న వాయుసేన తొలిసారి విమానాలతో పరీక్ష జరిపింది, 2024 మార్చి 18న మళ్ళీ జరిపింది. నాలుగు కిలోమీటర్ల పైన పొడవు, 33 మీటర్ల వెడల్పు, కాంక్రీటు. సింగరాయకొండ దగ్గర అలాంటిదే మరొకటి. పరీక్షల రోజు పోలీసులు ట్రాఫిక్ మళ్ళిస్తారు, కంచె వేస్తారు, పశువులు రాకుండా మనుషులను నిలబెడతారు. మిగతా రోజుల్లో అది మామూలు రోడ్డే. మీకు అది సరిగ్గా కింద ఉండి, వాహనాలు పలచగా ఉండి, పక్కన పొలాలన్నీ నీళ్ళతో నిండి ఉంటే తప్ప దాని గురించి ఆలోచించకండి. దాన్ని అందుకోవాలని అయిదు కిలోమీటర్లు సాగదీయడం మాత్రం వద్దే వద్దు. రైలు మార్గం పక్కన ఖాళీ స్థలమూ అంతే. విజయవాడ, చెన్నై లైను పొడవునా 25 వేల వోల్టుల తీగ ఉంది.

పొలాల విషయంలో పుస్తకాలు మీకు సాయపడవు. అవి ఎక్కడో గోధుమ చేల గురించి రాసినవి. మన దగ్గర ఏ నెలలో ఎగురుతున్నారన్న దాన్ని బట్టి దించే చోటు మారిపోతుంది. పంటల కాలాలు తెలిసిన రైతుబిడ్డకు ఇక్కడ మంచి పైలట్ కంటే కొంచెం ఎక్కువే తెలుసు.

నెల్లూరు డెల్టాలో, పెన్నా ఆయకట్టు కింద, అక్టోబరు నవంబరుల్లో నాట్లు పడతాయి. అప్పటి నుంచి జనవరి దాటేదాకా ఆ పచ్చదనం కింద నీళ్ళూ బురదా ఉంటాయి. మూడు చక్రాల విమానం అందులో దిగితే ముందు చక్రం దిగబడి బోర్లా పడుతుంది. చచ్చిపోతారని కాదు. తలకిందులుగా బెల్టుకు వేలాడుతూ, పెట్రోలు కారుతుంటే బయటకు రావాలి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. అప్పుడు ఆ నేలంతా లేత పసుపు రంగులో గట్టిగా ఉంటుంది, గట్లను తప్పించి వాటికి సమాంతరంగా దిగాలి. గడ్డి వాములు, యంత్రం చుట్టిన గడ్డి చుట్టలు చూసుకోవాలి. సోమశిల జలాశయం నీళ్ళు వదిలితే ఎడగారుకు, అంటే రెండో పంటకు, మళ్ళీ తడి మొదలవుతుంది, కాబట్టి మే నెల కదా ఎండిపోయి ఉంటుందని అనుకోకండి.

ప్రకాశంలో కథ వేరు. నల్లరేగడిలో శనగ అక్టోబరు, నవంబరుల్లో వేసి ఫిబ్రవరి ప్రాంతంలో తీసేస్తారు. మొక్క మోకాలెత్తు కూడా ఉండదు, నేల పొడిగా ఉంటుంది, మళ్ళు పెద్దవి. పంట ఉన్నా సరే, నా దృష్టిలో ఈ రెండు జిల్లాల్లో శనగ చేనును మించిన చోటు లేదు. పొగాకు మంచిది కాదు. ఆకు కొట్టేశాక కూడా కర్రలు నిలబడి ఉంటాయి, అవి గట్టివి. కంది మనిషెత్తు. సుబాబుల్, జామాయిల్ తోటలు పైనుంచి మెత్తని పచ్చటి పరుపులా కనిపించి మోసం చేస్తాయి. వాన పడ్డ నల్లరేగడి చక్రాలకు అంటుకుని బిగుస్తుంది. మే నెలలో అదే నేల పాదం పట్టేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. ఎర్ర నేల దొరికితే అప్పుడు అటు వెళ్ళండి.

నా తోటి శిక్షకుడొకరు ఒక మార్చి నెలలో ఒంగోలుకు పడమరగా వెళ్తుంటే ఆయిల్ పీడనం పడిపోయి, కొద్దిసేపటికి ఇంజిన్ బిగుసుకుపోయింది. కుడివైపు పెద్ద పచ్చని మైదానం, ఎడమవైపు వెలిసిపోయిన చిన్న చేలు. ఆయన ఎడమవైపు తిరిగారు. ఎందుకని తర్వాత అడిగితే, ఆ పక్క చేలో మేకలు మేస్తున్నాయి అన్నారు. మందను తోలారంటే పంట తీసేశారని, నేల ఆరిపోయిందని అర్థం. మేకలున్న చేను వదిలి దాని పక్కదానిలో దించారు. చివర్లో ఒక చిన్న గట్టు తగిలి ముందు చక్రం కాలు వంగింది, ప్రొపెల్లరు కొస విరిగింది. లోపలున్న ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. కుడివైపున్న పచ్చదనం, తర్వాత తెలిసిందేమిటంటే, నిలువెత్తు జొన్న.

తీగ కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. మన పొలాల్లో ప్రతి బోరుకూ ఒక మోటారు కొట్టు, ప్రతి కొట్టుకూ ఒక తీగ. కొట్టు కనిపిస్తే అక్కడికి రోడ్డు వైపు నుంచి లైను వస్తోందని లెక్క వేసుకోండి. కృష్ణపట్నం వైపు విద్యుత్ కేంద్రాల నుంచి లోపలికి వెళ్ళే పెద్ద టవర్ల లైన్లను ముందే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. తీగ తప్పదని చివరి క్షణంలో తెలిస్తే పైనుంచి దాటడానికి ముక్కు ఎత్తకండి. వేగం లేని విమానం ఎగరదు, తీగ మీదే పడుతుంది. కింది నుంచి దూరడమే నయం. చేను గట్ల మీద తాటిచెట్లు కూడా అంతే, కాండం సన్నంగా ఉండి నేల రంగులో కలిసిపోతుంది.

పడమర వైపు వెళ్తే చోట్లు తగ్గిపోతాయి. చీమకుర్తి చుట్టూ గ్రానైటు గుంతలు, రాళ్ళ గుట్టలు. ఉదయగిరి వైపు కొండలు. మార్కాపురం దాటితే నల్లమల. అక్కడ చెట్ల మీదే దిగాల్సి వస్తే కొమ్మల పైభాగాన్నే నేల అనుకుని, ఎదురుగాలికి, అతి తక్కువ వేగంతో చదునుగా ఆనించాలి. ఆ తర్వాత మిమ్మల్ని వెతికి పట్టుకోవడం మరో పెద్ద సమస్య. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కూలితే, యంత్రాంగమంతా కదిలినా జాడ దొరికింది మరుసటి రోజు ఉదయమే. ఆ ప్రమాదం తీరు వేరు, కానీ అడవి అదే. ఒక శిక్షణ విమానం కోసం అంతమంది రారు. ఇంజిన్ ఉన్నంతవరకు ఆ అడవి మీదుగా దగ్గరి దారి వెతకకండి.

సముద్రం సంగతి మీకు మరీ ముఖ్యం. గన్నవరం నుంచి రేణిగుంటకు మ్యాపులో నేరుగా గీత గీయండి. చీరాల నుంచి కావలి దగ్గరిదాకా అది చాలావరకు సముద్రం మీదుగా పోతుంది. 3000 అడుగుల నుంచి ఎనిమిది కిలోమీటర్లే వెళ్ళగల విమానంతో ఆ గీత పట్టుకుని పోవడంలో అర్థం లేదు. హైవేకు కాస్త పడమరగా, మెట్ట చేల మీదుగా వెళ్ళండి. ఖర్చయ్యేది కొన్ని నిమిషాలే. సూర్యలంక దగ్గర వాయుసేన ప్రాంతం, దక్షిణాన శ్రీహరికోట మీద ఆంక్షలున్న గగనతలం కూడా ఆ లోపలి దారినే చూపిస్తాయి. బయలుదేరే ముందు నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) చదవండి. శీతాకాలంలో పులికాట్, నేలపట్టు చుట్టూ గూడబాతులు, రాజహంసలు గుంపులుగా లేస్తాయి. అక్కడ తక్కువ ఎత్తులో ఎగరకపోవడం మంచిది.

ఒడ్డున దిగక తప్పకపోతే పొడి ఇసుక మీద వద్దు. చక్రాలు కూరుకుపోతాయి. అల వచ్చి వెళ్ళిన తడి పట్టీ గట్టిగా ఉంటుంది, దాని వెంట ఒడ్డుకు సమాంతరంగా దిగాలి. మన తీరంలో ఆటుపోట్ల తేడా తక్కువ కాబట్టి ఆ పట్టీ సన్నగానే ఉంటుంది. పడవలు, ఆరబెట్టిన వలలు, మైపాడు లాంటి చోట్ల ఆదివారాల్లో జనం. బకింగ్‌హాం కాలువకు అటూ ఇటూ సరుగుడు తోటలు, సర్కారు తుమ్మ. రొయ్యల చెరువులు చదునుగా మెరుస్తాయి గానీ వాటిలో గట్లు, ఏరేటర్లు, పక్షులు రాకుండా కట్టిన తాళ్ళు, మోటార్లకు వైర్లు ఉంటాయి. అవి నాకు హైవే కంటే కూడా నచ్చవు. వేసవిలో ఎండిన చెరువు గర్భం ఫరవాలేదు, మధ్యలోకి పోకుండా పైపొర బాగా ఎండిన అంచు వైపు చూసుకుంటే. పెన్నా ఇసుక మెత్తన, పైగా తవ్వకాల గుంతలు.

చోటు ఎంచుకుని అటు తిరిగాక ఇంజిన్‌ను మళ్ళీ అందుకునే ప్రయత్నం చేయండి. ఆగిన ఇంజిన్లలో చాలావాటికి లోపల ఏమీ విరిగి ఉండదు. పెట్రోలు అయిపోయి ఉంటుంది, లేదా ట్యాంకులో ఉండీ ఇంజిన్‌కు అందదు, లేదా అందులో నీళ్ళు కలిసి ఉంటాయి. పైపర్ విమానాల్లో ఎడమ, కుడి ట్యాంకులను మార్చుకోవాలి, అది మరిచిపోయి పొలాల్లో దిగినవాళ్ళున్నారు. మీ సెస్నాలో పెట్రోలు మీట రెండు ట్యాంకుల స్థానంలోనే ఉందా చూడండి. ప్రయాణానికి ముందు అడుగున నీళ్ళు తీసి చూడటం మన తీరంలో, రాత్రంతా తేమలో నిలబెట్టిన విమానానికి, మరీ అవసరం.

మీది కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత రకమైతే ఇంకో శత్రువు ఉంది. నెల్లూరు ఎండలో మంచు ఏమిటని నవ్వుతారు. పెట్రోలు ఆవిరవుతూ కార్బ్యురేటర్ లోపల ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా దించగలదు. గాలిలో తేమ ఉంటే బయట 30 దాటినా లోపల మంచు కట్టవచ్చు, ముఖ్యంగా థ్రాటిల్ తగ్గించి దిగేటప్పుడు. ఒక జనవరి ఉదయం కావలి మీదే, నా విద్యార్థి నడుపుతుండగా ఇంజిన్ తిరుగుడు మెల్లగా పడుతూ వచ్చింది. అతను థ్రాటిల్ కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు, కారణం వెతకలేదు. కార్బ్యురేటర్ హీట్ (దానిలోకి వేడిగాలి పంపే మీట) లాగించాను. ఇంజిన్ దగ్గింది, వణికింది, ఇంకా పడింది. అతను భయపడి హీట్ మళ్ళీ మూయబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. కరిగిన నీళ్ళు ఇంజిన్‌లోకి పోయినంతసేపే ఆ వణుకు, తర్వాత మామూలుగా తిరిగింది. హీట్ లాగాక పరిస్థితి ముందు ఇంకా చెడుతుంది, తర్వాతే బాగుపడుతుంది. ఇంజిన్ పూర్తిగా ఆగితే ఆ వేడి కొద్దిసేపట్లో పోతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

వెయ్యి అడుగుల కింద ఇక ఇంజిన్ గురించి మరిచిపోండి. మేడే అనే ఆపద పిలుపు మూడుసార్లు, మీరున్న ఫ్రీక్వెన్సీలోనే. ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే పరికరం) మీద అత్యవసర కోడ్ 7700. తక్కువ ఎత్తు నుంచి మీ మాట టవరుకు అందకపోయినా పైన వెళ్ళే పెద్ద విమానాలు వింటాయి. మిక్శ్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు మార్చే మీట) మూసేయండి, పెట్రోలు ఆపేయండి, మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) ఆఫ్ చేయండి. మీ ఫ్లాప్స్ కరెంటుతో పనిచేస్తాయి కాబట్టి అవి పూర్తిగా దించాకే మాస్టర్ స్విచ్ ఆపాలి. తలుపు గొళ్ళెం ముందే తీసి పెట్టుకోండి, ఫ్రేము వంగితే తర్వాత తెరుచుకోదు.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే ఇదంతా చేసే వ్యవధి ఉండదు. ముక్కు దించి, ఎదురుగా కొద్దిగా అటూ ఇటూ ఉన్నదాంట్లో దిగడమే. రన్‌వే వైపు వెనక్కి తిరగకండి. 45 డిగ్రీల వంపులో స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీల్లో 41 శాతం. ఆ ఎత్తులో ఒకసారి స్టాల్ అయితే తేరుకునే చోటు లేదు.

దిగాక ముందు విమానానికి దూరంగా జరగండి. మన ఊళ్ళలో పది నిమిషాల్లో మూడొందల మంది చేరతారు. నీళ్ళు, మజ్జిగ ఇస్తారు, ఆసుపత్రికి మోసుకెళ్తారు, అందులో లోటుండదు. కానీ ఒకరి నోట్లో బీడీ ఉంటుంది, పిల్లలు రెక్క ఎక్కుతారు. ఊరి పెద్ద ఎవరో చూసి పెట్రోలు కారుతోందని చెప్పి ఆయన చేతే జనాన్ని దూరం పెట్టించండి, మీ మాట కంటే ఆయన మాట వింటారు. పోలీసులకు, మీ శిక్షణ సంస్థకు ఫోను చేయండి. విమానాన్ని జరపనివ్వకండి. ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాళ్ళ అనుమతి వచ్చేదాకా అది అక్కడే ఉండాలి, మనిషిని కాపాడటానికి తప్ప.

ఇక రైతు నష్టం. బయటివాళ్ళ ఆస్తికి జరిగే నష్టానికి కూడా విమానానికి బీమా తీసుకోవడం మామూలే, మీ సంస్థ పత్రంలో అది ఎంతవరకు ఉందో బయలుదేరకముందే అడగండి. అక్కడికక్కడ ఎవరికీ ఇంత ఇస్తామని మాటివ్వకండి. రైతు పేరు, కౌలుకు చేస్తున్నారా సొంతమా, సర్వే నంబరు రాసుకోండి, పంట పాడైన మేర ఫోటోలు తీయండి. కౌలు అయితే నష్టపోయింది కౌలురైతే, భూమి యజమాని కాదు. మన జిల్లాల్లో కౌలు సేద్యం ఎక్కువ, కాగితం మీద ఆ పేరు ఉండదు. కాబట్టి ఆ మాట మీ నివేదికలో మీరే రాయండి.